సైన్స్ ఫిక్షన్ డిజైన్ లైబ్రరీ ఎలా కట్టుకోవాలి: శ్రీహరికోట 2090 థీమ్‌తో పూర్తి మార్గదర్శి

నవల అట్ట, వెబ్ సిరీస్ పోస్టర్, చిన్న గేమ్, యూట్యూబ్ థంబ్‌నెయిల్. ఏదైనా సరే, సైన్స్ ఫిక్షన్ పని చేతికి రాగానే చాలామంది ఉచిత ప్యాక్‌లు నాలుగు డౌన్‌లోడ్ చేస్తారు. నీలంగా మెరిసే వలయాలు, ఆరు పలకల గళ్లు, ఒక గ్రహం బొమ్మ తెచ్చి పక్కపక్కన పెడతారు. తెలుగు టైటిల్ వంతు ఆఖర్న వస్తుంది, మెనూలో ముందు కనబడిన ఫాంట్‌తో సరిపెడతారు. బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అది ఏ లోకమో, అందులో ఎవరు బతుకుతున్నారో తెలియదు.

దీనికి మందు ఇంకో ప్యాక్ కాదు. ఒకే థీమ్ చుట్టూ మీ చేత్తో కట్టుకున్న లైబ్రరీ కావాలి. రంగులు, అక్షరాలు, గుర్తులు, యంత్రాల భాగాలు, తుప్పు మరకలు, ఆకాశాలు, తెరల మీద కనిపించే మాటలు అన్నీ ఒకే ఊరివి అనిపించాలి. ఆ పద్ధతిని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణతో చెబుతాను. ఉదాహరణ శ్రీహరికోట, కాలం 2090. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్, రంగులద్దడానికి క్రిత, త్రీడీకి బ్లెండర్ చాలు. మూడూ ఉచితం, మూడూ మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి.

1. ముందు బొమ్మ కాదు, ఒక పేజీ రాత

"స్పేస్" థీమ్ కాదు, "సైబర్‌పంక్" కూడా థీమ్ కాదు. అవి మరీ పెద్ద పేర్లు. థీమ్ అంటే చోటు, కాలం, మనుషులు, వాతావరణం. ఒక పేజీలో ఇవి రాసుకోండి: ఇది ఎక్కడ? ఏ ఏడు? ఎవరు కట్టారు, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు? వేటితో కట్టారు? ఎంత పాతబడింది? గోడల మీద ఏ భాష ఉంది?

మన ఉదాహరణకు జవాబులు వెతుక్కోవడం కష్టం కాదు, ఎందుకంటే చోటు నిజమైనది. శ్రీహరికోట పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవి. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ అక్కడి నుంచే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2002లో అక్కడి ఇస్రో ప్రయోగ కేంద్రానికి ఆ సంస్థ మాజీ అధిపతి సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయల్దేరిందీ అక్కడి నుంచే. చుట్టూ సరుగుడు, యూకలిప్టస్ తోటలు, ఉప్పు గాలి, ఈశాన్య రుతుపవనాల వానలు, చలికాలంలో పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు.

ఇక ఊహ. 2090 నాటికి అది చంద్రుడి దక్షిణ ధ్రువానికి సరుకు పంపే ఓడరేవు. రాకెట్లు వెళ్లి తిరిగొస్తాయి. పని చేసేవాళ్లు పక్కనున్న సూళ్లూరుపేట నుంచి షిఫ్టులకు వస్తారు. కట్టడాలు కొత్తవి కావు, ముప్ఫై ఏళ్లు సముద్రపు గాలి తిన్నవి. బోర్డులన్నీ ముందు తెలుగులో, కింద ఇంగ్లీష్‌లో.

ఈ పేజీయే తర్వాత ప్రతి తగాదానూ తీర్చే పెద్దమనిషి. మెరిసే ఊదా రంగు నియాన్ బోర్డు వాడాలనిపిస్తే పేజీ చూడండి. ఉప్పు గాలిలో పని చేసే రేవులో అలాంటి బోర్డు ఎవరు పెడతారు? జవాబు దొరక్కపోతే ఆ వస్తువు లైబ్రరీలోకి రాదు. నిజానికి ఒక్క పేజీ రాయడానికి రెండు సాయంత్రాలు పట్టినా పర్వాలేదు, తర్వాత అంతకు ఎన్నో రెట్లు కలిసొస్తుంది.

2. చూసి నేర్చుకునేవి వేరు, వాడుకునేవి వేరు

రెండు ఫోల్డర్లు పెట్టండి. ఒకటి "రిఫరెన్స్", రెండోది "సోర్స్". మొదటి దాంట్లో ఉన్నది ఎప్పటికీ తుది బొమ్మలోకి వెళ్లకూడదు. రెండో దాంట్లో ఉన్న ప్రతి ఫైలుకూ లైసెన్స్ తెలిసి ఉండాలి. ఈ రెండూ కలిసిపోయిన రోజే లైబ్రరీ చట్టపరంగా చెడిపోతుంది.

రిఫరెన్స్‌కు ఎంత చూసినా తక్కువే. 1970లలో నాసా ఏమ్స్ కేంద్రం కోసం డాన్ డేవిస్, రిక్ గైడిస్ వేసిన అంతరిక్ష కాలనీల బొమ్మలు తప్పక చూడండి. లోహపు గొట్టం లోపల చెట్లు, ఇళ్లు, వాగులు ఉంటాయి. భవిష్యత్తును నిత్య జీవితంలా చూపించడం ఎలాగో వాటిలో ఉంది. అలాగే 1970ల మధ్యలో డాన్ అండ్ బ్లాక్‌బర్న్ సంస్థ నాసాకు తయారుచేసిన గ్రాఫిక్స్ నియమావళి. ఉత్తరం మీద, వ్యాను మీద, రాకెట్ మీద ఒకే గుర్తును ఎలా నిలబెట్టాలో అది చూపిస్తుంది.

సోర్స్ విషయంలో కాస్త జాగ్రత్త కావాలి. నాసా తీసిన ఫొటోలు చాలావరకు కాపీరైట్ లేనివి. కానీ నాసా లోగోలు అలా కాదు, వాటిని మీ పోస్టర్ మీదో టీషర్ట్ మీదో వేసి అమ్ముకోకూడదు. హబుల్, వెబ్ టెలిస్కోప్‌లకు యూరప్ అంతరిక్ష సంస్థ నడిపే సైట్లలోని చిత్రాలు సాధారణంగా సీసీ బై 4.0 అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వస్తాయి, పేరు చెప్పి వాడుకోవచ్చు. చంద్రుడి కోసం నాసా విజువలైజేషన్ స్టూడియో ఇచ్చే "సీజీఐ మూన్ కిట్" ఉంది. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ కొలిచిన ఎత్తుపల్లాలు, రంగుల పటం రెండూ అందులో ఉంటాయి. నక్షత్రాలకు అదే స్టూడియో ఇచ్చిన "డీప్ స్టార్ మ్యాప్స్ 2020" వాడండి. 170 కోట్ల నక్షత్రాలను వాటి నిజమైన చోట్లలో పెట్టి చేసిన పటం అది. లోహం, కాంక్రీట్, నేల లాంటి ఉపరితలాలకు పాలీ హేవెన్, యాంబియంట్ సీజీ సైట్లున్నాయి, రెండూ సీసీ జీరో, అంటే ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు.

ఇస్రో ఫొటోలు మాత్రం షరతులు విడిగా చదవకుండా సోర్స్‌లోకి తేవద్దు. చూసి నేర్చుకోండి, ఆకారాలు మీరే గీయండి. కేంద్రం లోపల ఫొటోలు తీయాలని కూడా చూడకండి, అది భద్రత ఉన్న ప్రాంతం. 2019లో ప్రజల కోసం తెరిచిన లాంచ్ వ్యూ గ్యాలరీ ఉంది. అక్కడి నుంచి ఒక ప్రయోగం కళ్లారా చూస్తే పొగ ఏ రంగులో లేస్తుందో, శబ్దం ఎంత ఆలస్యంగా వస్తుందో తెలుస్తుంది. ఏ ఫొటో చెప్పని సంగతులు అవి.

క్రియేటివ్ కామన్స్ అక్షరాలు గుర్తుంచుకోవడం తేలికే. "బై" అంటే పేరు చెప్పాలి. "ఎస్‌ఏ" అంటే మార్చి పంచితే అదే లైసెన్స్ కింద పంచాలి. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి పనికిరాదు. "ఎన్‌డీ" అంటే మార్చినదాన్ని పంచకూడదు. అమ్మే ఆలోచన ఏమాత్రం ఉన్నా చివరి రెండిటినీ మొదటి రోజే బయట పెట్టండి. "ఎస్‌ఏ" ఫైళ్లకు విడిగా ఫోల్డర్ ఇవ్వండి.

3. రంగులు

ఏడు రంగులు చాలు. ప్రతి రంగుకూ చోటు నుంచి ఒక కారణం ఉండాలి. మన థీమ్‌కు నేను ఎంచుకునేవి ఇవి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో విలువలు):

ఉప్పు తెలుపు 236, 233, 224
తడి బురద 94, 80, 66
సరుగుడు ఆకుపచ్చ 47, 66, 54
రాత్రి సముద్రం 16, 26, 38
ఏరోస్పేస్ నారింజ 255, 79, 0
ఫ్లెమింగో గులాబీ 240, 138, 140
తెర పసుపు 255, 176, 0

మొదటి నాలుగూ నేపథ్యం, కట్టడాలు. నారింజ మనిషి ప్రాణానికి సంబంధించిన చోట మాత్రమే, అంటే సూటు, లైఫ్ జాకెట్, బయటపడే తలుపు. అంతరిక్ష సూట్లకు నారింజ పెట్టింది సముద్రంలో పడ్డా కనబడాలనే, ఇక్కడా సముద్రం పక్కనే ఉంది. తెర పసుపు, పసుపు అక్షరాలు మెరిసే పాత అంబర్ మానిటర్ల నుంచి వచ్చింది, తెరల మీద తప్ప ఇంకెక్కడా రాదు. గులాబీ చాలా తక్కువగా వాడాలి. అది ఈ రేవు గుర్తుకూ యూనిఫాం అంచుకూ మాత్రమే. ఆ గులాబీ చూడగానే ఈ లోకం గుర్తుకు రావాలి.

ఏ రంగు మీద ఏ రంగు అక్షరం చదవొచ్చో లెక్క కట్టి రాసుకోండి. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. మన నారింజను ఉప్పు తెలుపు మీద పెడితే సుమారు 2.7 వస్తుంది, అంటే చిన్న అక్షరాలకు పనికిరాదు. అదే నారింజ రాత్రి సముద్రం మీద సుమారు 5.3, హాయిగా చదవొచ్చు. ఇలాంటి జతల పట్టిక ఒక్కసారి చేసి పెడితే ప్రతి పోస్టర్‌కూ మళ్లీ తడుముకోనక్కర్లేదు. ఈ నారింజ ప్రింటింగ్‌లో మసకబారుతుంది కాబట్టి సీఎంవైకే (ప్రెస్ వాడే నాలుగు సిరాల) విలువలతో రెండో పట్టీ కూడా కావాలి. ప్రెస్‌లో ఒక షీటు తీయించి కళ్లతో చూశాకే వాటిని ఖాయం చేయండి. పట్టీని జింప్ (ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) పాలెట్ ఫార్మాట్‌లో దాచుకుంటే ఇంక్‌స్కేప్, క్రిత, జింప్ మూడూ చదువుతాయి.

4. తెలుగు అక్షరం: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

ఈ లైబ్రరీకి విలువ వచ్చేది ఇక్కడే. ఇంగ్లీష్‌లో భవిష్యత్తు ఎలా కనబడాలో దశాబ్దాలుగా ఒక అలవాటు ఉంది. అల్డో నోవారెసే 1962లో చేసిన యూరోస్టైల్ లాంటి చదరపు గుండ్రని అక్షరాలను చూడగానే "ఇది భవిష్యత్తు" అనిపిస్తుంది. తెలుగుకు అలాంటి అలవాటు ఇంకా స్థిరపడలేదు. అంటే దాన్ని మనమే చేసుకోవచ్చు.

చాలామంది చేసే పని ఇంగ్లీష్ ఫాంట్ చూసి తెలుగు అక్షరాన్ని బలవంతంగా చదరం చేయడం. గుండ్రం పోతే తెలుగు చదవడమే కష్టమవుతుంది, భవిష్యత్తు మాట దేవుడెరుగు. గుండ్రాన్ని ఉంచి, వెడల్పుతోనూ గీత మందంతోనూ ఆడుకోండి. దీనికి అనెక్ తెలుగు ఫాంట్ బాగా కుదురుతుంది. ఒకే ఫైలులో మందం, వెడల్పు రెండూ మార్చుకోవచ్చు. పూర్తి వెడల్పులో సన్నని గీత పెడితే రేవు గోడ మీది పేరు, ఇరుకు వెడల్పులో మందంగా పెడితే హెచ్చరిక. చిన్న అక్షరాలకు హింద్ గుంటూరు లేదా నోటో సాన్స్ తెలుగు. బాగా బలంగా ఒక్క మాట కొట్టాలంటే రామభద్ర. ఇంగ్లీష్ జతకు రాజ్‌ధాని, స్పేస్ గ్రోటెస్క్, ఐబీఎం ప్లెక్స్ మోనో సరిపోతాయి. ఆర్బిట్రాన్ మంచి ఫాంటే కానీ ప్రతి ఉచిత ప్యాక్‌లోనూ కనబడి అరిగిపోయింది, దాన్ని వదిలేయమంటాను. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉన్నవే. పోస్టర్లు చేసి అమ్ముకోవచ్చు, ఫాంట్ ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు.

తెలుగుకు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు. కాబట్టి ఇంగ్లీష్ బోర్డుల్లో క్యాపిటల్స్ చేసే పని ఇక్కడ మందం, వెడల్పు, రంగు చేయాలి. ఈ మూడిటికీ నాలుగు మెట్లు రాసి పెట్టుకోండి: పేరు, శీర్షిక, సమాచారం, సీరియల్ నంబర్. అక్షరాల మధ్య ఎడం పెంచి "సినిమాటిక్"గా చేయడం తెలుగులో సరిగ్గా కుదరదు, మాట చీలిపోతుంది. వరుసల మధ్య ఎడం మాత్రం ధారాళంగా ఇవ్వండి. పై గుడులూ కింది ఒత్తులూ కొట్టుకోకుండా ఉండాలంటే అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు కావాలి.

కంటెయినర్ల మీద స్టెన్సిల్ అక్షరాలు ఈ థీమ్‌కు తప్పనిసరి. తెలుగులో అవి సిద్ధంగా దొరకడం కష్టం, మీరే చేసుకోవాలి. ఇంక్‌స్కేప్‌లో మాటను పాత్‌గా, అంటే దిద్దడానికి వీలైన గీతలుగా మార్చండి. మూసుకున్న గుండ్రాలన్నీ గుర్తించండి, సున్న, ఠ, ర లాంటివి. నిజమైన రేకులో కోస్తే ఆ మధ్య ముక్క రాలిపోతుంది కదా, అందుకే ప్రతి గుండ్రానికీ సన్నని వారధి కావాలి. వారధులన్నీ ఒకే మందంలో, ఒకే కోణంలో వేయండి. నేను నిలువుకు 20 డిగ్రీల వాలు పెడతాను, తలకట్టు వాలుకు దగ్గరగా ఉండి కంటికి అడ్డు రాదు.

ఇంకో నిధి మన అంకెలు. ౦ ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯ ఇప్పుడు రోజువారీ వాడుకలో పెద్దగా లేవు. అందుకే గడియారం మీదో ప్రయోగ వేదిక నంబర్‌గానో పెడితే మనవే అయినా కొత్తగా కనిపిస్తాయి. ఇంతకన్నా అపురూపమైనవి తెలుగు భిన్నాల గుర్తులు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి ప్రమాణం యూనికోడ్‌లో, 2008 నాటి 5.1 వెర్షన్‌లో ఇవి చేరాయి. కాలు, అర, ముక్కాలుకు నిలువు గీతలు: ౹ ౺ ౻. పదహారో వంతుల్లో ఒకటి, రెండు, మూడుకు అడ్డగీతలు: ౼ ౽ ౾. వీసం, పరక అని పాత లెక్కల్లో చెప్పుకునేవి ఇవే. ఇంధనం ట్యాంకు కొలమానం మీద ఈ గీతలు పెట్టి చూడండి. నాలుగేసి భాగాల లెక్క, పక్కన తెలుగు అంకె, వెనక తెర పసుపు వెలుగు. ఏ విదేశీ ప్యాక్‌లోనూ ఇది దొరకదు. పైగా అలంకారం కోసం పెట్టింది కాదు, నిజంగా చదవగల కొలత.

సాంకేతికంగా రెండు మాటలు. లైబ్రరీలో అంతా యూనికోడ్ తెలుగే ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లతో టైప్ చేసింది వెతికితే దొరకదు, ఇంకో ఫాంట్‌లోకి మార్చలేం. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషలకు పనిచేసే లేఅవుట్‌ను ఎంచుకోండి. బ్లెండర్‌లో అక్షరాలు సరిగ్గా కలవకపోతే ఇంక్‌స్కేప్‌లో రాసి, పాత్‌గా మార్చి, ఎస్‌వీజీగా (ఎంత పెంచినా చెదరని గీతల ఫైలుగా) తెచ్చుకోండి. పాత్‌గా మార్చే ముందు అసలు టెక్స్ట్ ఫైలు ఒకటి తప్పకుండా దాచాలి, లేకపోతే అక్షర దోషం దిద్దడానికి మళ్లీ మొదటికి రావాలి.

5. మాటల ఖాతా

తెరల మీద, బోర్డుల మీద అర్థం లేని అక్షరాలు నింపకండి. చదివే కన్ను వెంటనే పట్టేస్తుంది. ఒక స్ప్రెడ్‌షీట్‌లో కనీసం వంద మాటలు, వాక్యాలు రాసుకోండి. ఇది కూడా అసెట్టే, అంటే లైబ్రరీలో దాచుకునే వస్తువే, నా ఉద్దేశంలో అన్నిటికన్నా విలువైన అసెట్.

"హెల్మెట్ లేకుండా రావద్దు." "ఇంధనం నింపుతున్నారు, గీత దాటకండి." "ఈ తలుపు లోపలికి తెరుచుకుంటుంది." "వాన పడితే పై అంతస్తు పని ఆపండి." "రెండో షిఫ్టు బస్సు ఇక్కడ ఆగుతుంది." ఇవి చదివితే ఆ రేవులో మనుషులు తిరుగుతున్నట్టే ఉంటుంది. బోర్డుల భాషలో రెండు స్వరాలు ఉంచండి. ప్రభుత్వ బోర్డు "ప్రవేశము లేదు" అంటుంది, పనివాళ్లు గోడ మీద రాసింది "ఇటు రావొద్దు, తడి" అంటుంది. సరుకు బండ్లకు మన లారీల వెనక ఉండే చేతిరాత పేర్లు, చిన్న దీవెనలు పెట్టొచ్చు. వాటిని కంప్యూటర్ ఫాంట్‌తో కాకుండా బ్రష్‌తో కాగితం మీద రాసి స్కాన్ చేయండి.

అంకెలు కూడా నిజానికి దగ్గరగా ఉండాలి. 400 కిలోమీటర్ల ఎత్తున కక్ష్య వేగం సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు. భూమి నుంచి చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అక్కడికి సంకేతం వెళ్లడానికి 1.3 సెకన్లు పడుతుంది. భూస్థిర కక్ష్య ఎత్తు 35,786 కిలోమీటర్లు. ఈ చిన్న పట్టిక పక్కన ఉంటే ఏ తెర మీద ఏ అంకె వేయాలో ఊహించుకోనక్కర్లేదు. సంఖ్యలను మన పద్ధతిలో లక్షలు, కోట్లుగా కామాలు పెట్టి రాయండి. అలాంటి చిన్న తేడాతోనే తెర ఎవరిదో తెలిసిపోతుంది.

6. గుర్తులు, బ్యాడ్జీలు

ఐకన్లకు ముందు గ్రిడ్. 64 పిక్సెళ్ల చదరం, చుట్టూ 4 వదలండి, గీత మందం 4, మూలల వంపు 2. ఈ నాలుగు అంకెలు మార్చకుండా ఇరవై నాలుగు ఐకన్లు గీయండి: గాలి తలుపు, ఆక్సిజన్, రేడియేషన్, పీడనం, ఇంధనం, పడవ, వాన, నీళ్లు, షిఫ్టు బస్సు, క్యాంటీన్ ఇలా. క్యాంటీన్ ఐకన్ ఎందుకని తీసేయొద్దు. ఆక్సిజన్ గుర్తు ప్రతి ప్యాక్‌లోనూ ఉంటుంది, క్యాంటీన్ గుర్తు వల్లే మీ లోకం నమ్మబుద్ధవుతుంది.

నేర్చుకోవడానికి 1974లో అమెరికా రవాణా శాఖ కోసం ఏఐజీఏ అనే డిజైనర్ల సంఘం చేసిన గుర్తులు చూడండి. మొదట 34, 1979 నాటికి 50 అయ్యాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మనిషి బొమ్మను ఎంత తక్కువ గీతలతో చెప్పారో గమనించండి. భద్రత రంగుల్లో మాత్రం అంతర్జాతీయ అలవాటును మార్చకండి: నిషేధం ఎరుపు, హెచ్చరిక పసుపు, తప్పక చేయాల్సింది నీలం, సురక్షిత దారి ఆకుపచ్చ. ఇవి మన ఏడు రంగుల బయటివే అయినా బోర్డుల్లో ఉండనివ్వండి, నిజమైన రేవులోనూ అలాగే ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా అందరికీ కనబడదు కాబట్టి ఆకారం కూడా మారాలి. నిషేధానికి వృత్తం, హెచ్చరికకు త్రిభుజం.

సంస్థల చిహ్నాలు మీవే కావాలి. ఇస్రో లోగో వద్దు, జాతీయ చిహ్నం అసలే వద్దు, దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకుండా 2005లో చట్టం ఉంది. రేవుకు ఒక బ్యాడ్జీ, మూడు షిఫ్టులకు మూడు, చంద్రుడి మీది స్థావరానికి ఒకటి చేయండి. రేవు బ్యాడ్జీకి వంగిన ఫ్లెమింగో మెడను రాకెట్ పొగ వంపుతో కలిపితే బాగుంటుంది. ప్రతి చిహ్నాన్నీ మూడు రూపాల్లో ఉంచండి: పూర్తి రంగుల్లో, ఒకే రంగులో, 16 పిక్సెళ్ల చిన్న సైజులో. 16 పిక్సెళ్లలో గుర్తుపట్టలేకపోతే గీతలు తగ్గించాలి.

7. యంత్రాల భాగాలు

రాకెట్ మొత్తం ఒకే బొమ్మగా గీయకండి. ముక్కు, ఇంటర్‌స్టేజ్ (రెండు దశలను కలిపే భాగం), ట్యాంకు, రెక్క, నాజిల్ (మంట బయటికొచ్చే గొట్టం), కాళ్లు, పైపులు, నిచ్చెన అన్నీ విడివిడిగా ఎస్‌వీజీలో ఉండాలి. కలిపి కొత్తవి తయారు చేసుకోవచ్చు. అన్నీ ఒకే కొలతలో గీయడం ముఖ్యం. 1 మీటరుకు 20 పిక్సెళ్లు అనుకుంటే, సుమారు 44 మీటర్ల ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 880 పిక్సెళ్లు, మనిషి 34. ఈ రెండు నీడ బొమ్మలను కొలబద్దగా ప్రతి ఫైలు మూలలోనూ పెట్టుకోండి.

ఆకారానికి కారణం వెతకడం అలవాటు చేసుకోండి. పాత రాకెట్ల మీది నలుపు తెలుపు గళ్లు అందానికి వేసినవి కావు, రాకెట్ ఎటు ఎంత తిరుగుతోందో నేల మీది కెమెరాలు పట్టుకోవడానికి వేసినవి. పీఎస్‌ఎల్‌వీలో నాలుగు దశలు ఘన, ద్రవ ఇంధనాలతో ఒకటి విడిచి ఒకటి ఉంటాయి, అందుకే దశకో తీరు. మీ 2090 రాకెట్ తిరిగొచ్చేది కాబట్టి కింది భాగం మసి పట్టి ఉండాలి, పై భాగం శుభ్రంగా ఉండాలి. ఈ ఒక్క మసి పొర విడి ఫైలుగా ఉంటే ఏ రాకెట్‌కైనా తొడగొచ్చు.

8. తుప్పు, ఉప్పు, వాన

ఈ ఉపరితలాలు మీ ఊళ్లోనే దొరుకుతాయి. చేపల రేవు పడవలు, నీళ్ల ట్యాంకులు, పాత లారీల తొట్లు, రైల్వే వంతెనల దగ్గరికి వెళ్లండి. నీడలో, గోడకు ఎదురుగా నిటారుగా నిలబడి తీయండి. ఎండ పడితే నీడలు ఫొటోలో ఉండిపోయి ఎక్కడ అతికించినా అబద్ధం చెబుతాయి. క్రితలో డబ్ల్యూ కీ నొక్కితే చుట్టుకునే మోడ్ వస్తుంది, అందులో అతుకులు చెరిపి 2048 పిక్సెళ్ల టైల్‌గా చేయండి.

తుప్పుకు దాని పద్ధతి ఉంటుంది. బోల్టుల దగ్గర, వెల్డింగ్ అతుకుల దగ్గర, పెయింట్ పెచ్చు లేచిన అంచున మొదలై వాన నీటితో కిందికి జారుతుంది. అందుకే మూడు పొరలుగా వేరు చేయండి: మచ్చ, జారిన చార, ఉప్పు తెల్లదనం. ఈ థీమ్‌కు నా నియమం ఒకటుంది, సముద్రం వైపు ముఖం ఎప్పుడూ ఎక్కువ పాడై ఉండాలి. అన్ని బొమ్మల్లోనూ సముద్రం కుడి పక్క అనుకుంటే, ఎవరు ఎప్పుడు గీసినా కుడి ముఖమే తుప్పు పడుతుంది. పది బొమ్మలు పక్కన పెట్టినప్పుడు ఈ క్రమం బయటపడుతుంది.

9. ఆకాశం

రెండే రకాలు కావాలి. పులికాట్ ఆకాశంలో తేమ, మబ్బు, దూరం పెరిగేకొద్దీ మసక. చంద్రుడి ఆకాశంలో గాలి లేదు కాబట్టి మసక లేదు, దూరపు కొండ కూడా దగ్గరి రాయిలా కచ్చితంగా కనిపిస్తుంది. చంద్రుడి అక్షం వంపు 1.5 డిగ్రీలే కనుక ధ్రువం దగ్గర సూర్యుడు నేల అంచునే తిరుగుతాడు, నీడలు చాలా పొడుగు. ఎండలో ఉన్న దృశ్యంలో నక్షత్రాలు వేయొద్దు, కెమెరా వాటిని పట్టుకోదు. చాలా పోస్టర్లు ఇక్కడే నమ్మకం పోగొట్టుకుంటాయి. ఫొటో రికార్డులా కనబడాలంటే అపోలో కెమెరాల్లో ఉన్నట్టు 5 వరుసలు, 5 నిలువుల చిన్న ప్లస్ గుర్తుల పొర ఒకటి చేసి పెట్టుకోండి.

10. పేర్లు, ఫోల్డర్లు, లెక్క పుస్తకం

ఫైలు పేర్లు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి. క్రమం: థీమ్, రకం, వస్తువు, నంబరు, వెర్షన్. అంటే "srih-icon-canteen-01-v02" అన్న తీరులో. "ఫైనల్", "కొత్త ఫైనల్" లాంటి పేర్లు పెట్టొద్దు. ఫోల్డర్లకు ముందు 00 నుంచి అంకెలు ఇవ్వండి, 00లో ఆ ఒక పేజీ రాత ఉంటుంది.

ఒక స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి ఫైలుకూ వరుస: పేరు, ఎక్కడిది, ఎవరిది, లైసెన్స్, తెచ్చిన తేదీ, ఏం మార్చారు, ఏఐతో చేసింది ఏమైనా ఉందా. ఫైలు దాచిన నిమిషంలోనే రాయాలి, తర్వాత రాద్దామంటే కుదరదు. లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ కూడా ఉంచండి, సైట్లు షరతులు మారుస్తుంటాయి. మొత్తానికి మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల డిస్కుల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట.

11. పరీక్ష, తర్వాత పంచుకోవడం

అరవై డెబ్బై వస్తువులు అయ్యాక ఆపి మూడు పనులు చేయండి: ఒక నవల అట్ట, ఒక కంట్రోల్ రూమ్ తెర, ఒక బస్‌స్టాప్ బోర్డు. షరతు ఒకటే, బయటి నుంచి కొత్తగా ఏదీ తేకూడదు. ఎక్కడ ఆగిపోయారో అదే లైబ్రరీలో లోటు. సాధారణంగా మనుషుల దగ్గర ఆగుతాం. యంత్రాలు బోలెడు గీసి, సూటు వేసుకున్న మనిషి, టిఫిన్ డబ్బా పట్టుకున్న మనిషి, నిచ్చెన ఎక్కుతున్న ఆమె గీసి ఉండం. అవి పన్నెండు నీడ బొమ్మలుగా వెంటనే చేర్చండి. మూడు పనుల్లో ఒక్కసారి కూడా వాడనివి ఉంటే తీసి పక్క ఫోల్డర్‌లో పెట్టండి.

పక్కవాళ్లకు ఇచ్చేటప్పుడు మీరు గీసినవి ఒక ప్యాక్, బయటి లైసెన్స్‌లతో వచ్చినవి ఇంకో ప్యాక్. మీ ప్యాక్‌కు సీసీ బై పెడితే తెలుగు ఆర్టిస్టులు ఎవరైనా ధైర్యంగా వాడుకుంటారు, మీ పేరూ ఉంటుంది. ప్యాక్‌లో ఏడు రంగుల పట్టీ, ఫాంట్ల లైసెన్స్ ఫైళ్లు, మాటల ఖాతా, థీమ్ పేజీ నాలుగూ పెట్టండి. స్టెన్సిల్ అక్షరాలను మాత్రం విడి మాటలుగా కాకుండా మొత్తం వర్ణమాల, గుణింతాలు, ఒత్తులతో ఇవ్వండి. తీసుకున్నవాళ్లు వాళ్ల కంటెయినర్ మీద వాళ్లకు కావలసిన పేరే రాసుకుంటారు.